తొమ్మిది పేజీల మిరప నారు

మా మేనత్త గిద్దలూరు దగ్గర మిరప నారు పెంచి రైతులకు ఇస్తుంది. నారు కావాలని ముందే చెప్పుకున్న రైతుల జాబితా కోసం నేనొక వెబ్ యాప్ రాసిచ్చినాను. నా ఇంజనీరింగ్ చదువు వల్ల ఇంట్లోవాళ్ల కంటికి కనిపించిన మొదటి ప్రయోజనం అదే.

నేను వాడిన ఫ్రేమ్‌వర్కులో ఒక వీలుంది. రైతుకొక చిన్న ఫారం. అందులో మిరప రకం, ఎన్ని నారు ట్రేలు, ఇచ్చే తేదీ. అట్లాంటి ఫారాలన్నీ వరసగా ఒకే తెర మీద పెట్టి దిద్దుకోవచ్చు. మొదట అందరినీ ఒకే పేజీలో పెట్టినాను. అత్త ఫోన్లో అది తెరుచుకోవడానికి కాస్త ఆలోచించుకునేది.

“అల్లుడా, ఇది వచ్చేలోపు నారు పూతకొస్తాది” అనింది.

సరేనని పేజీకి ఇరవైమంది చొప్పున తొమ్మిది పేజీలు చేసినాను. ప్రతి పేజీ కింద ‘సేవ్’, దాని పక్కనే ‘తర్వాతి పేజీ’. నా పని నాకే ముద్దొచ్చింది.

ఆ వారం వాన పడింది. రైతుల నుంచి ఫోన్ల మీద ఫోన్లు. ఒకరికి సన్నకాయ వద్దు, లావుకాయ కావాల. ఇంకొకరికి రేపు కాదు, ఎల్లుండి. అందరికీ అత్త “అట్లే” అని మాటిచ్చింది. పొద్దున కూర్చుని, మొదటి పేజీ నుంచి దిద్దుకుంటా పోయి, తొమ్మిదో పేజీలో ఒక్కసారి సేవ్ నొక్కింది.

మధ్యాహ్నం నేను ప్రింటు తీసిచ్చినాను. మర్నాడు బండ్లకు నారెత్తాలి. అత్త కళ్లద్దాలు పెట్టుకుంది.

“కొమరోలు అన్నకు లావుకాయని దిద్దినాను గదా, సన్నకాయే ఉందేంది?”

చూస్తే తొమ్మిదో పేజీ ఒక్కటే మారింది. మిగతా ఎనిమిదింటిలో దిద్దినవన్నీ పేజీ తిప్పగానే పోయినాయి. నారుగా ఉన్నప్పుడు రెండు రకాలూ ఒకేలా ఉంటాయి. తప్పు రకం పోయిందని తెలిసేది కాయ కాసినాకే. అప్పటికి రైతుకు పంటా, అత్తకు మాటా రెండూ ఉండవు.

“ప్రతి పేజీకీ సేవ్ నొక్కాల అత్తా.”

“రవిక కుట్టేటప్పుడు కుట్టుకొక ముడి వేస్తామా? చివర్లో ఒక్కటే గదా.”

“పూలు కట్టేటప్పుడు పువ్వుకొక ముడి వేస్తావు గదా.”

“ఇది పూలదండని నువ్వు చెప్పినావా?”

చెప్పలేదు. మా సిలబస్‌లో లేదు.

అదృష్టం కొద్దీ అత్తకు అన్నీ గుర్తున్నాయి, అయితే పొలాల వరసన. “కొండకింద బోరు ఎండిపోయినాయన, లావుకాయ. ఆ పక్క ఎర్రనేల వదిన, ఎల్లుండి.” నేను పేర్లు అక్షరాల వరసన పెట్టినాను. కాబట్టి మూడో పేజీ నుంచి ఏడుకు, ఏడు నుంచి రెండుకు ఉరుకుతా దిద్దినాను. ఒకచోట తొందరలో సేవ్ నొక్కకుండానే పేజీ తిప్పినాను.

“ముడి” అనింది అత్త, ప్రింటు మీద నుంచి తలెత్తకుండా.

జాబితా పూర్తి చేసి, అక్కడే కూర్చుని యాప్ మార్చినాను. ఇప్పుడు పేజీ తిప్పితే, ముందు దిద్దినది దాచుకుని, ఆ తర్వాతే తిరుగుతుంది.

నాలుగు నెలలకు కొమరోలు నుంచి ఒక సంచి పండుమిరపకాయలు వచ్చినాయి. అత్త ఒకటి తీసి, తిప్పి చూసింది. ఆ పూట పచ్చడి ఆ లావుకాయలతోనే నూరింది.