తాళం వేసిన ఇళ్ళు

తిరుపతిలో పరిశోధన చేస్తున్న రోజుల్లో నాకొక నియమం చాలా నచ్చేది. సర్వేకు వెళ్ళినప్పుడు ఇంటికి తాళం ఉంటే నోటుబుక్కులో ఇంటూ గుర్తు పెట్టి పక్కింటి తలుపు తట్టాలి. ఎండలో రెండోసారి తిరిగే బాధ తప్పేది. అంతకు మించి నేనేమీ ఆలోచించలేదు.

తొంభైల చివర్లో, పలమనేరు దగ్గర ఒక ఊరు. బోరు వేసుకుంటే రైతు కుటుంబం బాగుపడుతుందా అన్నది నా పరిశోధన. బోరున్న ఇళ్ళనూ లేని ఇళ్ళనూ పక్కపక్కన పెట్టి రాబడి పోల్చాను. బోరున్నవాళ్ళ పని మూడు పువ్వులు ఆరు కాయలుగా ఉంది. పట్టిక చూసుకుని నేనే మురిసిపోయాను.

ఆ ఊళ్ళో ఒక రైతును అన్నా అని పిలిచేదాన్ని. రెండు ఆవులు, కొంచెం మెట్టచేను. నేను ఎప్పుడు వెళ్ళినా కాఫీ తాగకుండా కదలనిచ్చేవాడు కాదు. సర్వే చివరి రోజున ఆయన ఇంటి ముందు కూర్చుని ఉంటే, పక్క చేలో నీళ్ళు చూసే మనిషి అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకుని నడుస్తున్నాడు. టెంకాయ లేచి నిలబడిన చోట నీళ్ళుంటాయట. నాకు నవ్వు ఆగలేదు.

"ఏం పాపా, ఊరంతా తిరిగి రాసుకుంటివి గదా," అన్నాడాయన. "బోరేసినోళ్ళు బాగుండారా?"

"బాగున్నారన్నా. లెక్కలో స్పష్టంగా ఉంది."

"అట్లయితే నేనూ ఏపిచ్చేదా? ఆ టెంకాయను నమ్మేదానికంటే నీ లెక్కను నమ్మేది మేలు గదా."

ఆయన చేలో నీళ్ళు పడతాయో లేదో నా లెక్కకు తెలియదు. అయినా నోరు ఊరుకుంటుందా? "వేయించన్నా," అన్నాను. పెద్ద మనిషి నన్ను సలహా అడిగాడని తిరుపతి చేరేదాకా పొంగిపోతూనే ఉన్నాను.

మరుసటి ఏడాది మా విభాగంలో పరిశోధన పద్ధతులు నేర్పడానికి బయటినుంచి ఒక మాస్టారు వచ్చారు. బోరు వల్ల ఎంత మేలు జరిగిందో తెలియాలంటే, అదే మనిషి బోరు వేయకుండా ఉంటే ఎలా ఉండేవాడో తెలియాలన్నారు. "ఆ రెండో మనిషి మనకు ఎప్పటికీ కనిపించడు. అతని బదులు ఎవరిని నిలబెట్టి పోలుస్తున్నాం అన్నదే అసలు పని," అన్నారు.

నేను నా పట్టిక చూపించాను. అప్పటికింకా నా కుందేలుకు మూడే కాళ్ళు.

"బోరు వేసి నీళ్ళు పడనివాళ్ళు ఇందులో ఎక్కడున్నారమ్మా?"

"ఆ ఊళ్ళో అలాంటివాళ్ళు కనిపించలేదు సార్."

"తాళం వేసిన ఇళ్ళను ఏం చేశారు?"

గదికి పోయి నోటుబుక్కు తీశాను. పదకొండు ఇంటూ గుర్తులు. మర్నాడు పొద్దున్నే పలమనేరు బస్సెక్కాను.

బస్సు దిగగానే ఎదురైన అన్న పక్కింటామెను వెంటబెట్టుకుని ఒక్కో తాళం దగ్గరా ఆగాను. చాలా తలుపుల ముందు ఒకటే మాట. "బోరేసిరి, నీళ్ళు పడలేదు, ఊరిడిసి పోయిరి." ఓడినవాళ్ళంతా వెళ్ళిపోయాక మిగిలినవాళ్ళను లెక్కపెట్టి, బోరు మంచిదని చెప్పాను నేను. టెంకాయ పట్టుకున్న ఆ మనిషి నాకంటే ఏం తక్కువ?

చివరికి అన్న ఇంటి ముందుకు వచ్చాం. తలుపుకు కొత్త తాళం ఉంది. ఆవుల్ని కట్టేసే గుంజలు అలాగే ఉన్నాయి.

"మూడు తావుల ఏపిచ్చినాడమ్మా," అందామె. "దుమ్ము లేసింది గానీ సుక్క నీళ్ళు రాలేదు. ఆవుల్ని అమ్మేసి, పెండ్లాం బిడ్డల్ని పిల్సుకొని పోయినాడు."

"ఎక్కడికి?"

"బెంగుళూరనిరి. ఆడ యాడుండారో ఎవురికీ తెలీదు."

అడగకూడదనుకుంటూనే అడిగాను. "నన్నేమైనా అన్నాడా?"

"అన్నాడు. ఆ పాప లెక్కలో తప్పుండదు, నా రాతే బాగలేదు అన్నాడు. నువ్వొస్తే కాపీ ఇయ్యకుండా పంపొద్దని గూడా చెప్పిపోయినాడు."

ఆమె కాఫీ తెచ్చి ఇచ్చింది. తాగాను. ఏడుపు ఆపుకోవడం నా వల్ల కాలేదు.

తరువాత వెళ్ళిపోయినవాళ్ళ వివరాలు దొరికినంతవరకు సేకరించి ఆ అధ్యాయం మళ్ళీ రాశాను. డిగ్రీ వచ్చింది, ఉద్యోగమూ వచ్చింది. నేను చెప్పకపోయినా ఆయన బోరు వేసేవాడేమో అని కొన్నాళ్ళు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అది తేల్చే పద్ధతి ఏ పాఠంలోనూ లేదు. ఎప్పటికీ కనిపించడని మాస్టారు చెప్పిన ఆ రెండో మనిషి మాత్రం నాకు కనిపిస్తూనే ఉంటాడు. ఆ రోజు నేను నోరు మూసుకుని ఉంటే ఊళ్ళోనే మిగిలి ఉండే అన్న. పలమనేరు దారిలో బస్సు కిటికీలోంచి చూస్తే, రెండు ఆవుల్ని తోలుకుని ఇంటికి పోతుంటాడు. నన్ను చూసి నవ్వుతాడు.

అతనితో నాకు పని లేదు. నిజంగా వెళ్ళిపోయిన ఆ మనిషితోనే ఉంది. తప్పు ఆయన రాతలో లేదు, నా లెక్కలోనే ఉందని ఆయనకు చెప్పాలి. ఎక్కడున్నాడో నాకు ఈనాటికీ తెలియదు.