అమ్మ నమ్మని ఇంగ్లీషు మాటలు

మారతహళ్ళిలో మా అబ్బాయి ఫ్లాట్‌లో మొన్న మనవరాలు పరీక్షకు చదువుకుంటూ ప్రిజన్, జైలు, లాకప్, కస్టడీ, రిమాండ్, డిటెన్షన్ అని పైకి వల్లె వేస్తుంటే, చిక్కుడుకాయలు ఒలుస్తున్న నా చేతులు ఆగిపోయాయి. అన్నిటికీ అర్థం ఒకటేనట, దేని బదులు ఏది రాసినా మార్కులు వేస్తారట. పిల్లతో వాదన ఎందుకని ఊరుకున్నాను గానీ, ఆ మాటలు ఒకదాని వెనక ఒకటి మా ఇంటి గడప ఎలా తొక్కాయో నా ఈడువాళ్ళైన మీకైనా చెప్పుకోవాలి.

ఇదే ఊళ్ళో, బళేపేటలో, మా నాయనకు ఇనుప సామాన్ల అంగడి ఉండేది. ఎవడో తెచ్చి అమ్మిన ఇత్తడి కొళాయిలు పాపం మంచివేననుకుని కొన్నాడు, అవి దొంగసొత్తని పోలీసులు వచ్చి ఆయన్ను తీసుకుపోయారు. నేనప్పటికి పరికిణీలు కట్టే పిల్లను. స్టేషనుకూ కోర్టుకూ తిరిగిందల్లా మా మామ, అంటే అమ్మకు తమ్ముడు. వకీలు దగ్గర గుమాస్తా కాబట్టి ఇంగ్లీషు మాటలకు కొదవ లేదు. మొదట లాకప్ అన్నాడు. అంటే స్టేషన్లో ఒక గది, ఇంటి అన్నం లోపలికి పోనిస్తారని పేటలో అందరికీ తెలుసు గనక అమ్మ రోజూ క్యారియర్ కట్టి మామ చేతికిచ్చేది. కొన్నాళ్ళకు ఆ మాట పోయి కస్టడీ వచ్చింది, తర్వాత రిమాండ్ వచ్చింది.

"నిన్న ఇంకో మాట చెప్తివి కదప్పా," అనేది అమ్మ.

"అంతా ఒకటే అక్కా, బావ బాగుండాడు," అని మామ గోడకేసి చూస్తూ చెప్పేవాడు.

అమ్మకు ఇంగ్లీషు రాదు. కానీ మాట ఎంత నాజూకైతే సంగతి అంత చెడ్డదని ఆమెకు గట్టి అనుమానం. ఆ పురుగు తొలిచాక ఇక దేన్నీ నమ్మలేదు. మామ చెప్పులు విప్పకుండా గడప దగ్గరే నిలబడడం అనుమానమే, పక్కింటావిడ పిలవకుండా వచ్చి పరామర్శించడం అనుమానమే, అన్నిటికంటే క్యారియర్ మెతుకు మిగలకుండా తిరిగి రావడం పెద్ద అనుమానం. మా నాయన తిండి దగ్గర మహా పేచీకోరు, ఏదో ఒకటి వదలనిదే చెయ్యి కడిగేవాడు కాదు. ఒకరోజు అమ్మ గిన్నెలన్నిటా కాకరకాయే పెట్టింది. కంచంలో కాకరకాయ కనిపిస్తే లేచిపోయే మనిషి ఆయన. సాయంత్రానికి గిన్నెలు ఖాళీగా వచ్చాయి, బావ ఇష్టంగా తిన్నాడని మామ చెప్పాడు.

తమ్ముడు ఏదో మోసం చేస్తున్నాడని అమ్మ రాత్రంతా కుమిలిపోయి, మర్నాడు నన్ను వెంటబెట్టుకుని స్టేషనుకు వెళ్ళింది. అక్కడ నాయన లేడు. ఎప్పుడో జైలుకు పంపేశారని చెప్పారు.

జైల్లో ఊచల అవతల నాయన గడ్డం పెరిగి, చిక్కి సగమై ఉన్నాడు. మమ్మల్ని చూసి సంతోషించలేదు సరికదా, "ఎవురు చెప్పిరి నీకు?" అన్నాడు. అప్పుడు తెలిసింది, ఇంట్లో జైలన్న మాటే ఎత్తవద్దని మామ చేత ఒట్టు వేయించుకున్నది ఆయనేనని. జైల్లోకి ఇంటి అన్నం పోనివ్వరు. అక్క వండింది పారెయ్యడానికి మనసు రాక మామే రోజూ కోర్టు మెట్ల మీద కూర్చుని తినేవాడట. తమ్ముణ్ణి అనుమానించినందుకు అమ్మకు కన్నీళ్ళు ఆగలేదు, నాయన మీద కోపమూ ఆగలేదు.

"నాతో చెప్పుకోలేనంత పరాయిదాన్నైతినా నేను?" అంది.

ఆయన తప్పు లేదని తేలి ఇంటికి వచ్చాడు, అంగడి మళ్ళీ తెరిచాడు. చాలా ఏళ్ళ తర్వాత జబ్బుపడినప్పుడు డాక్టరు చెప్పిన ఇంగ్లీషంతా విని, మమ్మల్నందరినీ బయటికి పంపి, అమ్మను మంచం మీద పక్కన కూర్చోబెట్టుకున్నాడు. తలుపు వారనుంచి విన్నాను. "ఇంక శానా దినాలు లేవే నాకు. అందరికంటే ముందు నీకే చెప్తా ఉండా," అన్నాడు. అమ్మ ఆయన చెయ్యి పట్టుకుని అలాగే కూర్చుంది.

ఇప్పుడు మా ఇంట్లో అందరికీ ఇంగ్లీషు వచ్చు, నాకూ అర్థమవుతుంది. పోయిన నెల నేను ఆస్పత్రికి వెళ్ళొచ్చినప్పటి నుంచి కొడుకూ కోడలూ నవ్వు ముఖంతో అబ్జర్వేషన్ అంటున్నారు, నిన్నటి నుంచి అంతకంటే నాజూకైన మాట అంటున్నారు. నా పక్కన కూర్చుని చెప్పేవాళ్ళే లేరు.