ఎదురుప్రశ్న గారి గెలుపు

నీటి సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల గుమాస్తాకు జనం పెట్టిన పేరు ఎదురుప్రశ్న. నీళ్ళు రావడం లేదని ఎవరైనా అర్జీ పట్టుకొస్తే ఆయన కాదనడు, కసురుకోడు. "నిరుటి రసీదు తెచ్చారా?" అంటాడు. తెస్తే, "జిరాక్సు కాపీలేవీ?" అంటాడు. పాతికేళ్ళలో ఆ బల్ల దాటి పైకెళ్ళిన అర్జీలను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పాపం, ఇంతటి సేవకు ఆఫీసువాళ్ళు ఒక మెచ్చుకోలు కాగితమైనా ఇవ్వలేదు.

చదరంగంలోనూ అదే విద్య. తెల్లపావులొస్తే ఆయనకు ముచ్చెమటలు పడతాయి. మొదట తనే కదలాలి కదా! నల్లపావులొస్తే మాత్రం పెళ్ళికొడుకే.

క్లబ్బు పోటీ ఫైనల్లో నల్లపావులే వచ్చాయి. ఎదుట కూర్చున్నది రిటైరైన లెక్కల మాస్టారు. తమ వీధి పైపు కోసం మూడేళ్ళుగా ఆ ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరుగుతున్న మనిషి. గుమాస్తా అక్క కాపురమూ ఆ వీధిలోనే. తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచింది ఆవిడే.

"నేను గెలిస్తే నా అర్జీ పైకి పంపుతావా, బాబూ?" అన్నారు మాస్టారు, అర్జీ కాగితం బల్ల మీద పెట్టి.

"దానికేం మాస్టారూ, గెలవండి చూద్దాం."

మాస్టారు రాజు ముందున్న బంటును రెండు గళ్ళు తోశారు. గుమాస్తా దానికి ఎదురు నిలవలేదు, పక్కనుంచి ఒక బంటుతో గిల్లాడు. మాస్టారు తన రాజును ఎడమవైపు దాచి, కుడివైపు బంట్లన్నిటినీ నల్లరాజు మీదికి ఉరికించారు. ఇంకో రెండెత్తుల్లో పని అయిపోతుందనగా, గుమాస్తా తన ఏనుగును బలిచ్చి, తెల్లరాజుకు కాపలా ఉన్న గుర్రాన్ని లేపేశాడు. ఆ సందులోంచి నల్లమంత్రి దూరింది. చెక్కు మీద చెక్కు. ఇక మాస్టారుకు తన దాడి సంగతి చూసుకునే తీరికే లేదు. ఆట కట్టు!

చప్పట్లు మోగాయి. "బాగా ఆడావు" అని చెయ్యి కలిపి, మాస్టారు అర్జీని మడిచి జేబులో పెట్టుకున్నారు. గుమాస్తాకు మనసులో చురుక్కుమంది. కానీ చేతిలో కప్పు తళతళలాడుతోంది, ఫొటోలు తీసేవాళ్ళు పిలుస్తున్నారు.

అదంతా అయ్యాక తిన్నగా అక్క ఇంటికి వెళ్ళాడు.

"అక్కా, గెలిచాను! గొంతెండిపోతోంది, ముందు కాసిని మంచినీళ్ళియ్యి."

అక్కకు కబురు ముందే అందింది. కప్పును అటూ ఇటూ తిప్పి చూసింది.

"నిరుటి రసీదు తెచ్చావురా?"

తమ్ముడు నవ్వాడు. అక్క నవ్వలేదు. ఆ కప్పును తిరిగి ఆయన చేతిలోనే పెట్టి, వీధి చివర ఆగిన నీళ్ళ ట్యాంకరును చూపించింది.

వరసలో ఆఖరున మాస్టారు బిందెతో నిలబడి ఉన్నారు. గుమాస్తా వెళ్ళి ఆయన వెనక కప్పుతో నిలబడ్డాడు.