ఆకుపచ్చ రంగు కింద గోడ

నా బల్ల మీద బొటనవేలి గోరంత పెచ్చు ఒకటి ఉంది. ఒకవైపు ఆకుపచ్చ ప్లాస్టిక్ రంగు, రెండోవైపు తెల్లటి గార. తడివేలితో తెల్లటి వైపు రుద్దితే పాత సున్నం వాసన, దాని వెనకే లీలగా కరక్కాయ వగరు వస్తాయి, లేదా వస్తున్నట్టు నాకనిపిస్తుంది. పోయిన నెల మా ఊరి కొత్త మసీదుకు వెళ్లి, కోపంతో పిడికిట్లో బిగించుకుని వచ్చిన పెచ్చు ఇది.

ఆ మసీదును చూడటానికి బెంగళూరు నుంచి కూడా బైకుల మీద వస్తున్నారు. గుమ్మటం లేదు, మినార్లు లేవు. మడతపెట్టిన కాగితంలాంటి కాంక్రీటు కప్పు, జల్లెడలాంటి గోడలు, వాటిలోంచి నేల మీద రాలే ఎండచుక్కలు. గుంతకల్లు గ్రంథాలయంలో కట్టడాల మీద ఉన్న పుస్తకాలన్నీ, ఉన్నవి నాలుగే అనుకోండి, చదివినదాన్ని కాబట్టి ఒప్పుకుంటాను, గొప్ప కట్టడమే. నేను వెళ్లింది మాత్రం దాని కోసం కాదు. ఆడవాళ్లు కూడా లోపలికొచ్చి చూడొచ్చని ఒక ఆదివారం కేటాయిస్తే, పాత మసీదు పడగొట్టినప్పుడు మిగిల్చిన ఒకే ఒక్క గోడ కోసం వెళ్లాను. ఆ గోడకు గార చేసింది మా నాయన మస్తాన్.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. వేరుశనగ చేలోనే మాడిపోయి, బావుల అడుగున బురద కూడా ఎండిపోయిన వేసవి. గానుగ చుట్టూ ఎద్దు తిరుగుతూ సున్నం నూరుతుంటే దాని వెనకే నేను తిరిగేదాన్ని. కరక్కాయలు నానిన నీళ్లు, బెల్లం, కోడిగుడ్ల తెల్లసొన ఆ సున్నంలో కలిసేవి. పచ్చసొనలన్నీ ఇంటికి చేరేవి. అమ్మ వాటిని ఉల్లిపాయలతో పొరటు చేసి జొన్నరొట్టెలో పెట్టిచ్చేది, ఆ పది రోజులూ మాకు రంజాన్ రాకముందే రంజాన్. గోడకు నునుపు తీయడానికి రాయి కావాలని, నేను అచ్చనగాయలాడే గులకరాళ్లలోంచి అన్నిటికన్నా నున్నటిదాన్ని నాయన అడగకుండానే తీసుకున్నాడు. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

గార వేశాక వారం రోజులు గోడ తడి ఆరకూడదు. నాయన బిందె పట్టుకుని బావి దగ్గరికి పోతే, అక్కడున్నవాళ్లు తగులుకున్నారు.

“తాగనీకే నీళ్లు లేవు, గోడకు పోస్తావా? ఏమప్పా, తల తిరుగుతాండాదా నీకు?”

ఉత్త బిందెతో వచ్చిన నాయనను చూసి, నమాజు చేయించే హజరత్ కాసేపు గడ్డం దువ్వుకున్నాడు.

“వుజూ చేసుకున్న నీళ్లు కాలవలో పోతాండాయి గదా మస్తానూ. కింద తొట్టి పెట్టు.”

“కాళ్లు కడిగిన నీళ్లా హజరత్? మనం మొక్కే దిక్కు గోడకా?”

“గోడకు మన్ను తొక్కేటప్పుడు నీ కాళ్లు అడ్డం రాల్యా? పెట్టప్పా తొట్టి.”

ఆ వారం నమాజుకు ముందు చేతులు, మొహం, కాళ్లు కడుక్కున్న ప్రతి మనిషి నీళ్లూ తొట్టిలోకి జారాయి. శుక్రవారం తప్ప కనపడని మొగవాళ్లు అయిదు పూటలా వచ్చారు. “గోడ పుణ్యాన మీ ఆయన భక్తుడైపోయినాడు గదమ్మీ!” అని అమ్మ పక్కింటామెను ఏడిపించేది. ఎదురింటి లక్ష్మక్క గిన్నె పట్టుకొచ్చి, “మేము మొహం కడుక్కున్నవి పనికొస్తాయా అన్నా?” అని మొహమాటంగా అడిగితే, నాయన తొట్టి చూపించాడు. చివరిరోజు నా గులకరాయితో నునుపు తీసి, నన్ను ఎత్తి పట్టుకున్నాడు.

“చూడు పాపా, మొహం కనపడతాండాదా?”

కనపడింది.

ఓణీ వేసుకున్నాక మళ్లీ మసీదు లోపలికి వెళ్లలేదు. మొరాకోలోనూ సున్నపు గోడలకు ఇట్లాగే గులకరాయితో నునుపు తీస్తారని గ్రంథాలయంలో చదివిన రోజు, చెప్పడానికి నాయన లేడు.

ఇన్నేళ్ల తర్వాత నాకు కనపడింది ఆకుపచ్చ గోడ. మోకాలెత్తు దాకా బొబ్బలెక్కింది. పక్కనే రెండు కొత్త రంగు డబ్బాలు. కమిటీ కుర్రాడు రఫీ గర్వంగా చెప్పాడు.

“ప్రతి రంజాన్‌కూ మేమే వేస్తామక్కా. పాత గోడంటే మాకు పానం.”

“పానమైతే రంగు గీకేయండప్పా. సున్నం గోడకు గాలాడాల. ఈ రంగు చెమ్మను బయటికి రానీదు. ఉబ్బి రాలిపోతాండాది, కనపడల్యా?”

“రాలిందనే గదక్కా ఇంగో కోటింగు వేసేది! యాడ చదివినావు ఇవన్నీ?”

“లైబ్రరీలో.”

రఫీ నవ్వాపుకున్నాడు. మా నాయన గురించి చెప్పాను, తొట్టి గురించి చెప్పాను. “అట్లనా అక్కా!” అంటూనే వెనకున్నవాళ్లను ఫొటోకు సరిగ్గా నిలబెడుతున్నాడు. రాలిన పెచ్చు ఒకటి తీసుకుని బయటికొచ్చాను. ఇంటికొచ్చి కమిటీకి రెండు పేజీల ఉత్తరం రాశాను, పుస్తకం పేరు, పేజీతో సహా. జవాబు లేదు. నిన్న నేనే రఫీకి ఫోన్ చేశాను.

“రంగు అయిపోయిందక్కా! నీ మాట మీద ఈసారి ఖరీదైందే వేసినాం. మొహం చూసుకోవచ్చు, అట్ల మెరుస్తాండాది!”

ఫోన్ పెట్టేశాను.

గానుగ లేదు. సున్నం నూరిన దాని గుండ్రటి గాడి మీద ఇప్పుడు మసీదు వాళ్ల బైకులు నిలుస్తాయి. వుజూ నీళ్లు పైపులోంచి ఎటో పోతాయి. పెచ్చును ఎండలో అటూ ఇటూ తిప్పి చూశాను. ఒకవైపు రంగు, ఇంకోవైపు విరిగిన గార గరుకు. నాయన తీసిన నునుపు ఈ రెండింటి మధ్య ఉంది, రంగుకు అంటుకుని, లోపలి వైపుకు తిరిగి.