కోతపండుగకి వచ్చిన కంప్యూటర్లు

మొన్న ఆదివారం భోజనం చేసి నడుం వాల్చానో లేదో, గుడివాడ నుంచి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. ఇల్లు మారుతున్నాడట. అటక మీద నుంచి పాత కంప్యూటరూ, వాళ్ళ పిల్లలు చిన్నప్పుడు టీవీకి తగిలించుకుని ఆడుకున్న వీడియో గేమూ, సంచెడు గేమ్ కేసెట్లూ బయటపడ్డాయట. ఒక్కటీ పని చెయ్యట్లేదు గానీ పారేయడానికి మనసొప్పడం లేదట. "అక్కా, మన గుడికిచ్చేస్తాను, కోతపండుగ ఎటూ వస్తోందిగా" అన్నాడు, నాకేదో పట్టుచీర పెడుతున్నంత ఉదారంగా. నాకు ఒళ్ళు మండిపోయింది. వద్దంటే వద్దు, తెస్తే గేటు బయటే దింపిస్తానని చెప్పి ఫోన్ పెట్టేశాను. సాయంత్రానికి పిన్ని అందుకుని, రిటైరయ్యాక నాకు నోరు పెరిగిందనీ, దేవుడికిచ్చేదాన్ని కాదనడానికి నేనెవరిననీ చీవాట్లు పెట్టింది. ఎనభై దాటిన మనిషితో ఏం వాదిస్తాను? నా ఈడువాళ్ళు, కోతపండుగలు చూసినవాళ్ళు ఇది చదివితే నేనెందుకలా అరిచానో తెలుసుకుంటారని రాస్తున్నాను.

మాది బందరుకీ గూడూరుకీ మధ్య పల్లెటూరు. మేం క్రైస్తవులం, మా చర్చిని గుడి అనే అంటాం, పాస్టరుగారిని అయ్యగారని. మా చిన్నతనంలో కోతపండుగంటే, కుప్పలు నూర్చి ధాన్యం ఇల్లు చేరాక, వచ్చినదాంట్లో మేలైనది తెచ్చి గుళ్ళో వేదిక ముందు పెట్టడం. వరికంకుల కట్టలు, గుమ్మడికాయలు, కొబ్బరికాయలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు, వీటన్నిటి మధ్య అయ్యగారు ప్రసంగం చేస్తుంటే సరిగ్గా పశ్చాత్తాపం గురించి చెప్పేచోట ఏదో ఒక కోడి గొంతెత్తేది, పిల్లలం నవ్వాపుకోలేక అమ్మల ఒళ్ళో తలలు దాచుకునేవాళ్ళం. ఆరాధన కాగానే వేలం. ఒకరు తెచ్చింది మరొకరు పాడుకుని ఇంటికి తీసుకెళ్ళేవారు. గుడ్లు పెట్టే పెట్టని మా అమ్మ ఆ ముందురోజే ఎక్కడో బుట్ట కింద దాచేది, నాన్న వెతికి మరీ దాన్నే పట్టేవారు. అవిటిదాన్నీ ముసలిదాన్నీ దేవుడికి అంటగట్టకూడదనేది నాన్న మాట. ఆయనది ఇంకో మాట కూడా ఉండేది, ఇచ్చింది మళ్ళీ ఇంటికి తేకూడదని. అందుకే వేలంలో ఎవరూ పాడని వస్తువు గుడికే ఉండిపోయేది. మా సంఘమంతటికీ అదే పద్ధతి.

మా అన్నయ్యకి బందరులో ఉద్యోగమొచ్చాక, ఆఫీసుకి కొత్తగా దిగిన కంప్యూటరు మీద పని నేర్చుకున్నాడు. ఆ రోజుల్లో మా ఊళ్ళో ఎవరూ దాన్ని కంటితో చూసి ఎరగరు. మనకి పొలం లేకపోయినా నా మొదటి పంట ఇదే అని, సరికొత్తది, పెట్టె కూడా విప్పనిది, బెజవాడ నుంచి బస్సులో బందరుకీ, బందరు నుంచి ఆటోలో మా ఊరికీ, వదిన పెళ్ళినాటి దుప్పటి చుట్టి, ఒళ్ళో పసిబిడ్డలా పెట్టుకుని తెచ్చాడు. గుమ్మడికాయల మధ్య దాన్ని పెడితే సంఘ పెద్దలు అటూ ఇటూ తిరిగి చూశారే తప్ప ఏమనాలో తోచలేదు. వేలం వేసే మావయ్య అలవాటు కొద్దీ దాన్ని కూడా పైకెత్తబోయి బరువుకి దింపేశాడు. ఎవరూ పాడలేదు, పాడితే దాన్ని ఇంట్లో ఏం చేసుకోవాలో తెలిస్తేగా! అలా అది గుడి పక్క గదిలో చేరింది.

మా గుడిలో ఇచ్చిన ప్రతి వస్తువు మీదా ఇచ్చినవాళ్ళ పేరు రాయించడం మామూలే. ఫ్యాను రెక్కల మీద, గోడ గడియారం మీద, బెంచీల వీపుల మీద ఫలానా కుటుంబం వారి కానుక అని తెల్ల పెయింటుతో ఉంటుంది. ఫ్యాను తిరిగినంతసేపూ ఆ పేరు కనపడదు కాబట్టి కరెంటు పోయినప్పుడే దాతకి గుర్తింపు. పెయింటరు కుంచె పట్టుకుని వస్తే అన్నయ్య వద్దన్నాడు. కోడి మీద పేరు రాసిస్తున్నామా, దీనికెందుకు అని నవ్వేశాడు.

నేనప్పుడు బందరులో టీచరుగా చేరిన కొత్త. అన్నయ్య దగ్గర నాలుగు ముక్కలు నేర్చుకుని ప్రతి శనివారం ఊరొచ్చి పిల్లలకి చెప్పేదాన్ని. చెప్పులు బయట విప్పి, కాళ్ళు కడుక్కుని, చేతులు తుడుచుకుని మరీ లోపలికొచ్చేవాళ్ళు. వదిన పాత చీర చింపి దానికి తొడుగు కుట్టింది, వారానికోసారి ఉతికి తెచ్చేది. టైపింగ్ అయ్యాక కాసేపు గేములు. పైనుంచి ఇటుకలు పడుతుంటే పేర్చే ఆట ఒకటి, పాము మేత తింటూ పెరిగే ఆట ఒకటి. మీటల దగ్గర కూర్చునేది ఒక్కరే, వెనక నిలబడ్డవాళ్ళందరూ కుడికి, కుడికి, ఛీ, చంపేశావురా అని అరిచేవాళ్ళు. ఒకళ్ళు ఓడిపోతే గదంతా ఓడిపోయేది. ఆ అరుపులకి అయ్యగారు ప్రసంగం రాసుకోలేక కిటికీ మూసుకునేవారు. నా ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో ఏ క్లాసులోనూ నాకంత సంబరం లేదు.

ఇంతవరకూ బాగానే ఉంది. నాకు రోత పుట్టించింది తర్వాతి కథ.

ఊరొదిలి బందరూ బెజవాడా చేరినవాళ్ళు ఇళ్ళల్లో కంప్యూటర్లు కొనుక్కున్నారు, కొన్నేళ్ళకి అవి పాతబడ్డాయి. వాళ్ళలో ఒకాయన కొత్తది కొనుక్కుని, పాతదాన్ని కోతపండుగకి తెచ్చి వేదిక ముందు పెట్టాడు. అయ్యగారు ప్రార్థన చేశారు, పెయింటరు పేరు రాశాడు, అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లే మా కొంప ముంచాయి. మరుసటేడు ఇంకొకరు, ఆ పై ఏడు ముగ్గురు. గాలికి పోయే పేలపిండి కృష్ణార్పణం అంటారు చూడండి, సామెత మా మతంవాళ్ళది కాకపోయినా మావాళ్ళ కోసమే పుట్టినట్టుంది. తెర వెలగనివి, వెలిగినా గీతలు తప్ప ఏమీ కనపడనివి, సగం మీటలు ఊడిన కీబోర్డులు, పిల్లలు కొరికేసిన వీడియో గేము రిమోట్లు, అన్నీ కానుకలే. ఆఖరికి ఒకావిడ వైరు ముక్కల సంచి తెచ్చి దానికీ ప్రార్థన చేయించుకుంది. వేలంలో ఎవరూ పాడరు, ఇంటికి తీసుకెళ్ళకూడదు, కాబట్టి అన్నీ ఆ గదిలోకే. పిల్లలు నిలబడే చోటు పోయింది, ఆపైన కూర్చునే చోటు కూడా పోయింది, క్లాసు ఆగిపోయింది. తాళం మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.

అన్నయ్య పోయాక, నేను రిటైరై వదిన దగ్గరికే వచ్చేసేనాటికి ఆవిడకి షుగరు ముదిరింది. గంటకోసారి లేవాలి. మా గుడికి ఆడవాళ్ళ బాత్‌రూము లేదు. మగవాళ్ళకి ఏ గోడైనా ఒకటే గనక ఇన్నేళ్ళూ ఎవరూ ఆ ఊసే ఎత్తలేదు. మా అమ్మల కాలంలో గుడి వెనక తుమ్మచెట్లు, వాటి వెనక పొలం గట్లు ఉండేవి. ఇప్పుడక్కడ రొయ్యల చెరువులు, గట్ల మీద కెమెరాలు. వదిన మొదట శనివారం సాయంత్రం నుంచే మంచినీళ్ళు మానేసి చూసింది, అలా ఒక ఆదివారం ప్రసంగం మధ్యలో కళ్ళు తిరిగి నా మీదికి ఒరిగిపోయింది. ఆ తర్వాత రావడమే మానేసింది. "ఇంట్లో కూర్చుని మైకులో వింటున్నాలే అమ్మాయ్" అనేది. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచి ఒక్క ఆరాధన తప్పని మనిషి వాకిట్లో కుర్చీ వేసుకుని, గాలి ఎటు వీస్తే అటు చెవి పెట్టి పాటలు వినేది.

నిరుడు కొత్తగా వచ్చిన అయ్యగారు, వయసులో చిన్నవారే గానీ బుద్ధిమంతులు, ఆరాధన అయ్యాక అందరినీ కూర్చోబెట్టి విషయం ఎత్తారు. ఆవరణ అంతా చెరువుల ఊటకి చిత్తడైపోయింది, మెరక మీద ఉన్నది పక్క గది ఒక్కటే, దాన్నే ఆడవాళ్ళ బాత్‌రూములుగా మారుద్దామన్నారు. పెద్దలందరి ముఖాలూ మాడిపోయాయి. ప్రార్థన చేసిచ్చిన వస్తువులు పారేస్తే శాపం కాదా అని ఒకరు, ఇచ్చినవాళ్ళు బాధపడరా అని ఒకరు. వేలం వేసే మావయ్య అయితే, సామాన్లన్నీ ఆడవాళ్ళు కూర్చునే వరండాలోకి మారిస్తే సరి, ఆడవాళ్ళు కాస్త సర్దుకుంటారు అన్నాడు. ఆ మాటకి నేను లేచి నాకొచ్చిన తిట్లన్నీ గౌరవవాచకంలో తిట్టాను. అంతా విని మావయ్య తాపీగా, "అయితే మీ అన్నయ్య ఇచ్చింది కూడా పారేస్తావా అమ్మా?" అన్నాడు.

అన్నయ్యదొక్కటీ ఉంచుదామని నాకూ ఉంది. కానీ ఒకటి ఉంచితే అన్నీ ఉంచాల్సిందే, అది అందరికీ తెలుసు. ఇంటికెళ్ళి వదినకి చెబితే చేతిలో చిక్కుడుకాయల ఈనెలు తీస్తూనే, "ఆయనది ఉండనివ్వు అమ్మాయ్, నేను మైకులో వింటాగా" అంది. ఆ మాటతో నాకు ఆ గది మీద పుట్టిన అసహ్యం అంతా ఇంతా కాదు.

ఆ శనివారం స్త్రీల సమాజం వాళ్ళని వెంటేసుకుని వెళ్ళి తాళం తీశాను. తలుపు తోస్తే కదల్లేదు, అందరం కలిసి గట్టిగా తోసేసరికి వచ్చిన కంపుకి ఇద్దరు వెనక్కి పరిగెత్తారు. ఎలుకల ఉచ్చ, తడిసిన దుమ్ము, ఎక్కడో చచ్చినదేదో కుళ్ళిన వాసన. మెరకైనా వెనకటి తుఫానుకి నీళ్ళు ఎంతెత్తు వచ్చాయో పెట్టెల మీద బురద చారలు చెబుతున్నాయి. కీబోర్డు ఒకటి ఎత్తితే అందులోంచి బొద్దింకలు నా మోచేతి దాకా పాకాయి. బ్యాటరీలు ఉబ్బి పగిలి చీములాంటి పచ్చటి పదార్థం కారి గట్టిపడింది. గేమ్ కేసెట్ల సంచిలో బల్లి గుడ్లు. ఆ అసహ్యం మధ్య, ప్రతి పెట్టె నుదుటి మీదా, నీటు అక్షరాలతో, ఫలానా కుటుంబం వారి కానుక. నేను వరండా పక్కకి వెళ్ళి వాంతి చేసుకున్నాను. ఆ కంపుకి కాదు, ఆ పేర్లు చదివి.

పాత ఇనప సామాన్ల బండివాడిని పిలిపించి ఎక్కిస్తున్నామని తెలిసి పెద్దలు పరుగున వచ్చారు. శాపం సంగతి ఎత్తుతారనుకున్నాను. ఒక్కరూ ఎత్తలేదు. బండి ఊరి మధ్యలోంచి, టీ కొట్టు ముందు నుంచి వెళ్తుందిగా, పేర్లు బయటికి కనపడతాయని వాళ్ళ దిగులు! ఒకాయన చాకు తెచ్చాడు, ఒకావిడ కిరసనాయిలు గుడ్డ తెచ్చింది, బందరులో ఉండే ఒకాయన ఫోన్ చేసి తనది ముందు గీకించమని బతిమాలాడు. ఎవరి పేరు వాళ్ళు గీక్కున్నారు. తిలాపాపం తలా పిడికెడు అంటే ఇదే గాబోలు. పేరు పోయిన పెట్టెని వాళ్ళే కాలితో బండివైపు నెట్టారు. ప్రార్థన, ప్రతిష్ఠ అన్నీ ఆ తెల్ల పెయింటులోనే ఉన్నట్టున్నాయి. అంత చిల్లరతనం నా జన్మలో చూడలేదు.

అడుగున, గోడవారగా ఉన్నదాని మీద మాత్రం ఏ పేరూ లేదు. నేను దాని ముందు నిలబడిపోయి ఉండగా వెనక చేతికర్ర చప్పుడైంది. వదిన. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని లోపలికొచ్చి, తొడుగు కోసం చూసింది. తను కుట్టిన చీరముక్కని ఎలుకలు పీలికలు చేసి, పెట్టె వెనక పగులులోంచి లోపలికి లాక్కుని గూడు కట్టుకున్నాయి. అందులో కళ్ళు తెరవని ఎర్రటి పిల్లలు మెదులుతున్నాయి. పోనీ మనింటికి తీసుకెళ్దామా, కడిగి పెట్టుకుందాం అన్నాను.

"దేవుడికిచ్చింది ఇంటికెలా తెస్తామమ్మా? మీ అన్నయ్య పిల్లలాడుకోవడానికి ఇచ్చారు. ఇది ఆయనిచ్చింది కాదు, ఎప్పుడో చచ్చిపోయింది. తీసేయించు" అంది. అని, చెయ్యి ఆన్చబోయి, ఆన్చకుండానే వెనక్కి తీసుకుంది. బండి కదిలాక ఇద్దరం గుడి మెట్ల మీద కూర్చుని ఏడ్చాం.

బాత్‌రూములు కట్టారు. డబ్బులిచ్చినవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, వాటి తలుపు మీద తమ పేరు రాయించమని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు.

కోతపండుగకి ఇప్పుడు కోళ్ళు రావు. దాచిపెట్టే అమ్మలూ లేరు, వెతికి పట్టే నాన్నలూ లేరు. ఆరాధన జరుగుతుంటే పిల్లలు బయట మెట్ల మీద వరసగా కూర్చుని, ఎవరి ఫోన్‌లో వాళ్ళు, చెవుల్లో ఏవో పెట్టుకుని ఆడుకుంటారు. ఎవడు గెలిచాడో ఎవడు చచ్చాడో పక్కవాడికి తెలియదు. అంతమంది పిల్లలుండీ ప్రార్థన వేళ అక్కడ ఎంత నిశ్శబ్దమంటే, బాత్‌రూములో వదిన కుళాయి తిప్పిన చప్పుడు బయట నిలబడ్డ నాకు వినపడుతుంది. ఆ చప్పుడు వింటే నాకు సంతోషంగానే ఉంటుంది, పిల్లల అరుపులతో నిండిన ఆ గదీ గుర్తొస్తుంది. కుళాయి ఆగాక వదిన కుచ్చెళ్ళు సర్దుకుంటూ వచ్చి నా చెయ్యి పట్టుకుంటుంది. మేం లోపలికి వెళ్ళేసరికి పాట సగంలో ఉంటుంది, ఆ సగం నుంచే అందుకుంటాం.