మెసేజ్ పంపినట్టే ఉంది

అనురాధ గొంతు విని పళ్లు పీకించుకోవడానికి వచ్చినవాళ్లున్నారు అల్ఫారెట్టా ఊళ్లో. వేళాకోళం కాదు. డాక్టర్ దివాకర్ పళ్ల క్లినిక్‌లో ముందు బల్ల దగ్గర కూర్చుని, రేపు రావలసినవాళ్లందరికీ ఇవాళే ఫోన్లు చేసేది ఆవిడే. "వదినా, రేపు పొద్దున వస్తున్నారుగా? మీవాడి కాలేజీ సంగతి ఏమైంది?" అని అడిగితే, మానేద్దామనుకున్నవాళ్లు కూడా మొహమాటానికి వచ్చి నోరు తెరిచేవారు. దివాకర్ హస్తవాసి మంచిదో కాదో ఎవరికీ తెలియదు. అనురాధ మాట మంచిదని మాత్రం అందరికీ తెలుసు.

ఆ ఉద్యోగం ఆవిడకి ఊరికే రాలేదు. పెళ్లయి ఈ దేశం వచ్చాక, పని చేసే అనుమతి లేక ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్న ఏళ్లు చాలానే ఉన్నాయి. ఆ రోజుల్లో ఆవిడ ఫోను మోగిందంటే అది భర్త శ్యామ్‌సుందర్ అయినా అయ్యుండాలి, రాంగ్ నంబరైనా అయ్యుండాలి. పర్మిట్ చేతికొచ్చిన నెలలోనే ఇక్కడ చేరింది. చేరాక ఏ ఫంక్షన్‌కి వెళ్లినా నలుగురు ఎదురొచ్చి పలకరించేవారు. శ్యామ్‌సుందర్ వెనకాల గిఫ్టు సంచి పట్టుకుని నిలబడేవాడు. ఆ రుచి మరిగిన మనిషిని మళ్లీ ఇంట్లో కూర్చోమంటే చచ్చినంత పని.

దివాకర్ తలపెట్టింది సరిగ్గా ఆ పనే. తడిగుడ్డతో గొంతు కోయడం ఆయనకి వెన్నతో పెట్టిన విద్య.

"అనురాధ గారూ, ఈ కాల్స్ అన్నీ ఎవరు చేస్తున్నారండీ ఈ రోజుల్లో? అందరూ టెక్స్టింగ్‌కి వెళ్లిపోయారు. మీరే రెండు మూడు కంపెనీలతో మాట్లాడి ఒకటి సెలెక్ట్ చెయ్యండి. అది సెట్ అయ్యాక ఫ్రంట్ డెస్క్ ఏం చేద్దామో ఆలోచిద్దాం" అన్నాడు.

ఫ్రంట్ డెస్క్ అంటే ఎవరు? ఆవిడ ఒక్కతే. కూర్చున్న కొమ్మని నరుక్కోమని గొడ్డలి కూడా ఆవిడ చేతికే ఇచ్చాడు మహానుభావుడు.

మొదటి కంపెనీ తరఫున ఇషిత అనే అమ్మాయి వీడియోలో మాట్లాడింది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. యాస వంకరగా ఉన్నా, చెప్పవలసింది తిన్నగానే చెప్పింది.

"ఆంటీ, ఫస్ట్ మీ క్లినిక్‌ని ఫోన్ కంపెనీస్ దగ్గర రిజిస్టర్ చేయాలి. మెసేజెస్‌కి పేషెంట్స్ ఓకే అన్నారని చూపించాలి. కొన్ని వీక్స్ పడుతుంది. అది చేయకపోతే వాళ్లు బ్లాక్ చేస్తారు. మీ స్క్రీన్ మీద 'సెంట్' అనే ఉంటుంది, బట్ వాళ్లకి మెసేజ్ రాదు. అందరికీ కాదు, కొంతమందికి. ఎవరికి రాలేదో మీకు తెలీదు. దట్స్ ద వర్స్ట్ పార్ట్, ఆంటీ."

"రిజిస్టర్ అవీ లేకుండా ఇచ్చేవాళ్లు కూడా ఉంటారా అమ్మా?"

"ఉంటారు. వాళ్ల దగ్గరికి మాత్రం వెళ్లొద్దు, ప్లీజ్."

అనురాధ వాళ్ల దగ్గరికే వెళ్లింది.

తెలియక వెళ్లిందనుకుంటే పొరపాటు. వెతికి మరీ అలాంటి కంపెనీని పట్టుకుంది. వాళ్లు ఒక్క ప్రశ్న కూడా అడగలేదు, మర్నాటికల్లా అన్నీ సిద్ధం చేసి పెట్టారు. ఆవిడ లెక్క తేలికే. మెసేజ్‌లు సరిగ్గా చేరవు, జనం రారు, కుర్చీలు ఖాళీగా ఉంటాయి. దివాకర్ తల పట్టుకుని, "ఇదంతా వేస్టండీ, మీ కాల్సే నయం" అంటాడు. పాము చావాలి, కర్ర విరగకూడదు. ఎవరికీ నష్టం లేదు కదా అనుకుంది. ఒకరిద్దరు పళ్లు శుభ్రం చేయించుకోకపోతే కొంపలేం మునగవు.

పరీక్షకని దివాకర్ ఫోనుకి పంపిన మెసేజ్ టింగుమని చేరింది. ఆయన మురిసిపోయాడు. ఫోన్లు ఆపేయమన్నాడు.

అనుకున్నట్టే జనం రావడం తగ్గింది. దివాకర్ తల పట్టుకున్నాడు కూడా. కానీ ఆయన నోటి నుంచి వచ్చిన మాట వేరు.

"సెంట్ అని క్లియర్‌గా ఉంది కదండీ. మన తప్పేముంది? వీళ్లకి డాక్టర్ టైమంటే లెక్కలేదు. మూడుసార్లు చెప్పకుండా మానేసినవాళ్లని ఇకమీదట చూడొద్దు. వేరే క్లినిక్ చూసుకోమని మీరే చెప్పండి. మీరు చెబితే ఎవరికీ కోపం రాదు."

అనురాధ ఉద్యోగం నిలబడింది. రండి అని పిలిచిన నోటితోనే రావద్దని చెప్పడం ఇప్పుడు ఆవిడ పని.

మొదట్లో, "మెసేజే రాలేదు అనురాధ గారూ" అని అవతలివాళ్లు అంటే, "పంపినట్టే ఉందండీ" అనేసి ఆవిడ గబుక్కున ఫోను పెట్టేసేది. వారం తిరిగేసరికి ఆ మాట అలవాటైంది. ఆ తరవాత అందులో కాస్త విసుగు కూడా చేరింది. నిజంగా వాళ్లదే తప్పేమోనన్నట్టు మాట్లాడటం నేర్చుకుంది. అబద్ధాన్ని పదిసార్లు చెబితే చెప్పేవాళ్లకే ముందు నమ్మకం కుదురుతుంది.

ఆ వరసలో కృష్ణమూర్తి పేరు వచ్చింది. రిటైరయ్యాక కొడుకు ఫణి దగ్గరికి వచ్చేసిన పెద్దమనిషి. ముసలితనంలో డ్రైవింగ్ నేర్చుకుని, లైసెన్సు వచ్చిన రోజు ఈ క్లినిక్‌లో అందరికీ లడ్డూలు పంచాడు. రోజూ పొద్దున్నే కొడుకు పాత కారులో లైబ్రరీకి, అక్కణ్ణించి తన ఈడువాళ్లు కూర్చునే పార్కుకి వెళ్లేవాడు. కారు లేకపోతే ఉప్పు పొట్లం కూడా తెచ్చుకోలేని ఊరు ఇది. ఆ కారే ఆయన కాళ్లు.

అనురాధ ఫోను చేసి రావద్దని చెప్పింది. "పంపినట్టే ఉంది బాబాయిగారూ, మూడు సార్లూ" అంది. మర్నాడు ఫణి తండ్రిని వెంటబెట్టుకుని వచ్చాడు.

"గొడవ పడటానికి రాలేదండీ" అన్నాడు ఫణి, గొంతు తగ్గించి. "ఒక్క విషయం తెలిస్తే చాలు. ఆ మెసేజ్‌లు నిజంగా వెళ్లాయా? నాన్న రాలేదనే అంటున్నారు. మా ఆవిడ స్పందనేమో, చూసి మర్చిపోయి డిలీట్ చేసుంటారంటుంది. మొన్న స్టవ్ ఆఫ్ చెయ్యకుండా బయటికెళ్లిపోయారు. అది ఎవరికైనా జరుగుతుందిలే అనుకున్నా. కానీ మూడు అపాయింట్‌మెంట్లూ మర్చిపోయారంటే ఇంక కారు చేతికివ్వలేను. రోడ్డు మీద ఎవరికైనా ఏదైనా అయితే?"

కృష్ణమూర్తి ముఖంలో మాత్రం బెంగ లేదు. తన తరఫు సాక్షి దగ్గరికి వచ్చిన మనిషిలా ధీమాగా నిలబడి, అనురాధని చూసి నవ్వాడు.

ఈ సర్వీసులో కొందరికి చేరవండీ. ఆ ఒక్క మాట చాలు. అది ఆవిడ నాలుక చివరిదాకా వచ్చింది కూడా. లోపలి గదిలో దివాకర్ ఎవరితోనో నవ్వుతూ మాట్లాడటం వినిపిస్తోంది. చేరవని తెలిసీ ఈ కంపెనీని ఎవరు తెచ్చారని ఆయన అడిగే మొదటి ప్రశ్న ఆవిడకి అప్పుడే వినబడింది. ఆ వెనకే, ఎవరి ఫోనూ రాని తన ఇల్లు కళ్ల ముందు కదిలింది. అనురాధకి భయం వేసింది. ఆ భయం ముందు ముసలాయన చాలా చిన్నవాడైపోయాడు.

ఆవిడ స్క్రీన్‌ని వాళ్ల వైపు తిప్పింది.

కృష్ణమూర్తి కళ్లజోడు పెట్టుకుని, వంగి, ఒక్కొక్క వరసా వేలితో చూపించుకుంటూ చదివాడు. మూడు చోట్లా సెంట్ అనే ఉంది. నిటారుగా లేచి, ఇంకోసారి వంగి చదివాడు.

"అనురాధ అబద్ధం చెప్పదురా" అన్నాడు కొడుకుతో. జేబులోంచి కారు తాళం తీసి, అడక్కుండానే ఫణి చేతిలో పెట్టాడు.

తరవాత బల్ల మీదికి వాలి, కొడుక్కి వినబడకూడదన్నట్టు మెల్లగా అడిగాడు. "అమ్మాయ్, నేను ఇంకేమైనా మర్చిపోయానా? నీకు తెలిస్తే నువ్వే చెప్పు. ఇంటికెళ్లాక వాళ్ల నోట వినలేను."

"ఇంకేం లేవు బాబాయిగారూ" అంది అనురాధ. "జాగ్రత్తగా వెళ్లండి."

ఫణి తాళం జేబులో వేసుకుని, తండ్రి మోచెయ్యి పట్టుకుని, మెట్టుందని చెబుతూ తలుపు దాకా నడిపించాడు. వచ్చేటప్పుడు ఆయన ఎవరి సాయమూ లేకుండానే నడిచి వచ్చాడు.