తవుడు వాసన

2004లో మా ఆయనకు వాసన తెలియకుండా పోయింది. అంతకు ముందే ఏడాదిగా ముక్కు దిబ్బడ ఉండేది. జలుబే కదా అని పసుపు వేసి ఆవిరి పట్టి సరిపెట్టుకున్నారు.

కైకలూరులో మాది చేపల మేత కొట్టు. తవుడు, వేరుశనగ చెక్క లారీల్లో వస్తాయి. దింపుకునే ముందు ఆయన గుప్పెడు తీసి వాసన చూసేవారు. బూజు వాసన తగిలితే లారీ వెనక్కే. చెరువుల వాళ్లకు మా కొట్టంటే గురి కుదిరింది అందుకే.

ఆ ఆగస్టులో మండవల్లి రైతు ఒకాయన తవుడు బస్తాలు తిరిగి తెచ్చారు. "మీరే వాసన చూసి చెప్పండి" అన్నారు, మర్యాదగానే. ఈయన గుప్పెడు ముక్కుకు ఆనించుకుని, అది పారబోసి ఇంకో గుప్పెడు తీశారు. క్యారేజీ ఇద్దామని వెళ్లిన నాకు గుమ్మంలోనే బూజు కంపు కొట్టింది.

ఏలూరులో డాక్టరుగారు సన్నటి కెమెరా గొట్టంతో చూసి, ముక్కులో రెండు వైపులా కండ పెరిగిందన్నారు. "పాలిప్స్ అంటామండి. ఆపరేషన్ చేస్తే గాలి ఆడుతుంది. వాసన మాత్రం వస్తుందని మాటివ్వలేను. వచ్చినా నిదానంగా వస్తుంది."

"గాలి ఆడకపోతే నాకొక్కడికే ఇబ్బందండి. వాసన రాకపోతే కొట్టు మూసుకోవాలి" అన్నారు ఈయన.

ఆపరేషన్ బుధవారం జరిగింది. ఆయన ఇప్పటికీ మంగళవారమనే అంటారు. తర్వాత రోజూ ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కోవడం, స్ప్రే కొట్టుకోవడం. గాలి బాగానే ఆడింది. వాసన మాత్రం లేదు. దాంతో వాసన చూడడానికి నన్ను కొట్టుకు రమ్మన్నారు. పెళ్లయ్యాక ఏనాడూ నేను అక్కడ కూర్చోలేదు. లారీ పక్కన కుర్చీ వేశారు. నేను ప్రతి బస్తా చూస్తానన్నాను.

"అన్నీ ఎందుకే? పదికొకటి చాలు."

"చెడ్డది మిగతా తొమ్మిదిలో ఉంటేనండీ?"

హమాలీ నవ్వాడు. "ఇక లారీ డ్రైవర్లు దుప్పట్లు తెచ్చుకోవాలండి అమ్మగారూ."

దసరా వెళ్లాక ఒక ఉదయం నేను పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. "పాలు అడుగంటుతున్నాయి, చూసుకో" అని ముందు గదిలోంచి ఆయన కేక. పరుగున వెళ్లి స్టవ్ కట్టేశాక గానీ ఆ మాట నాకు తలకెక్కలేదు. వెనక్కి తిరిగి చూస్తే ఆయన వంటింటి గుమ్మంలో ఉన్నారు. గిన్నె మీదికి వంగి గట్టిగా ఊపిరి పీల్చారు. కళ్లు తడిశాయి.

"మాడిన పాలు ఇంత బాగుంటాయా" అన్నారు.

ఇక నాతో పనిలేదు కదా అని నేను పప్పు కడగడానికి కూర్చున్నాను. ఆయన చెప్పులు వేసుకుని మళ్లీ లోపలికి తొంగిచూశారు.

"ఇంకా బయల్దేరలేదేం? చెక్క లోడు వచ్చేస్తుంది."

"మీకు వాసన వచ్చేసిందిగా."

"వస్తే? నిన్ను రావద్దన్నానా?"

నేను చీర మార్చుకుని వచ్చేదాకా అరుగు మీదే నిలబడ్డారు.